పెళ్లి గౌను కుట్టినదెవరు?

కనిగిరిలో మా అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున ఆమె మధుపర్కం చీర ఉంది. పసుపు మరకలు ఇంకా పోలేదు. మడతల దగ్గర నూలు చివికిపోయింది. ఆమె పెళ్లినాటికి కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ చీర ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు, బేరం దగ్గర ఎవరు అలిగారు, అన్నీ చెబుతుంది. "ఎవరు నేశారమ్మమ్మా?" అంటే మాత్రం, "చీరాల నించి తెచ్చారు. ఎవరో మగ్గాలవాళ్లు. వాళ్ల పేర్లు మనకెట్టా తెలుస్తాయే?" అంది.

సరిగ్గా ఆ 'ఎవరో' అన్న మాటే అమెరికాలోని ఒక పెళ్లి గౌను చరిత్ర చదువుతుంటే నాకు మళ్లీ ఎదురయింది.

1953 సెప్టెంబరు 12న న్యూపోర్టులో సెనేటర్ జాన్ కెన్నెడీకి, జాక్వెలిన్ బూవియర్‌కు పెళ్లయింది. దంతపు రంగు పట్టు టఫెటా, సుమారు 50 గజాలు పట్టిన గౌను. మర్నాడు పత్రికలు దాని మెడ, కుచ్చులు, మేలిముసుగు అన్నీ వర్ణించాయి. కుట్టిన మనిషి పేరు రాయలేదు. ఆమె ఆన్ లోవ్, నల్లజాతి స్త్రీ. 1898లో అలబామాలో పుట్టింది. అమ్మమ్మ బానిసగా బతికిన కాలంలోనే కుట్టుపని చేసింది. ఆ పని తల్లికీ, తల్లి నుంచి ఆన్‌కూ వచ్చింది. 1917లో న్యూయార్కులో డిజైన్ బడిలో చేరితే తెల్లపిల్లలతో కలిపి కూర్చోనివ్వలేదు, వేరే గదిలో కూర్చుని నేర్చుకుంది.

పెళ్లి ఇంకా పది రోజులుందనగా ఆమె పనిగదిలో నీళ్ల గొట్టం పగిలింది. పెళ్లికూతురి గౌనుతో సహా పది దుస్తులు పాడయ్యాయి. రెండు నెలల పని. మళ్లీ గుడ్డ కొని, మనుషుల్ని పెట్టుకుని, రాత్రింబవళ్లు కుట్టించింది. 700 డాలర్లు మిగలాల్సిన చోట 2,200 డాలర్లు నష్టపోయింది. ఆ సంగతి పెళ్లివారికి చెప్పనే లేదు. దుస్తులు పట్టుకుని వెళితే పనివాళ్లు వచ్చే వెనక గుమ్మం నుంచి రమ్మన్నారట. ముందు గుమ్మం నుంచి రానివ్వకపోతే వీటిని వెనక్కి తీసుకుపోతానంది. ముందు నుంచే వెళ్లింది.

ఈ కథను ఇవాళ చాలామంది ఇష్టంగా చెప్పుకుంటున్నారు. నాకూ ఇష్టమే. కానీ చెప్పే తీరులో రెండు చిక్కులున్నాయి.

మొదటిది, పెళ్లికూతురి సంగతి. ఆమె కోరుకున్నది సాదా గౌను అంటారు. తన ఒంటి మీద ఏముండాలో రెండు కుటుంబాల పరపతే తేల్చింది. అట్లాగని ఆమె, ఆన్ ఒకేలాంటి బాధితులు కారు. ఒకరి ఇష్టం చెల్లలేదు, మరొకరి పేరే లేకుండా పోయింది. 1961లో ఒక పెద్ద మహిళా పత్రిక ఆ గౌను కుట్టింది 'ఒక నల్లజాతి కుట్టుపనామె' అన్న ధోరణిలో రాసినప్పుడు ఆన్ బాధపడి జాక్వెలిన్‌కే ఉత్తరం రాసింది. స్త్రీలందరి అణచివేతా ఒకటేనని తొందరపడితే ఈ ఉత్తరం మనకు అర్థం కాదు.

రెండో చిక్కు ఇంకా కష్టమైనది. ఆన్‌ను ఆ ఒక్క గౌనుకే కట్టేసి గుర్తుపెట్టుకోవడం ఆమెను మళ్లీ ఇంకొకరి పెళ్లికథలో పాత్రగా చేయడమే. ఆమెకు దశాబ్దాల సొంత పని ఉంది. పైగా ఆమె సాధువేమీ కాదు. పెద్దింటి వాళ్లకే కుడతానని బాహాటంగా చెప్పుకుంది. కుట్టిన దానికి తగిన ధర అడగలేక అప్పుల్లో కూరుకుపోయింది. 1981లో చనిపోయింది. 2023లో వింటర్‌థర్ మ్యూజియం ఆమె దుస్తులతో పెద్ద ప్రదర్శన పెట్టింది. అసలు పెళ్లిగౌను తరలించలేనంత సున్నితంగా మారడంతో దాని నకలును చేతికుట్టుతో తయారుచేయించి చూపారు.

అన్నీ బాగున్నాయి. మరి ఆ పది రోజులూ ఆన్ పక్కన కూర్చుని కుట్టిన వాళ్లెవరు? ఆమె కథలోనూ వాళ్లు 'ఎవరో'లే. ముందు గుమ్మం నుంచి ఒక్కరు లోపలికి వెళితే, మిగతావాళ్లు వీధిలోనే ఉండిపోయారు.

ఇక్కడ నేను చీరాల వైపు చూడక తప్పదు. మా అమ్మమ్మ అన్న 'మగ్గాలవాళ్లు' అనే మాటలో మగ్గం మీద కూర్చున్న మగవాడే కనబడతాడు. ఆసు పోసి, కండెలు చుట్టి, పడుగుకు గంజి పెట్టిన ఇంటి ఆడవాళ్లు 'సాయం' కింద పోతారు. 2019–20 చేనేత గణన దేశంలో 35 లక్షలకు పైగా ఉన్న చేనేత కార్మికుల్లో 72 శాతం స్త్రీలేనని తేల్చింది. లెక్క మారింది, మాట మారలేదు. పొద్దున లేచి కండెలు చుట్టే మనిషిని 'ఏం పని చేస్తావమ్మా' అంటే 'ఇంట్లోనే ఉంటా' అంటుంది.

మనం స్త్రీవాద విమర్శలో పెళ్లిచీరను పసుపు, ఎరుపు, పాతివ్రత్యాల చిహ్నంగా చదివాం. అది అవసరమైన చదువే. కానీ ఆ చదువులో చీర ఎప్పుడూ కట్టుకున్నామెతోనే మొదలయింది. ఇంకాస్త వెనక్కి, నూలు తడిపిన చోటి నుంచి మొదలుపెట్టాలి. మరచిపోయిన ఒక పేరును దొరకబుచ్చుకోగానే పని అయిపోయిందనుకోకూడదు.

మొన్న ఈ కథంతా అమ్మమ్మకు చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చీర మళ్లీ మడతపెడుతూ, "ఆ వాన గొట్టం పగిలినప్పుడు కొత్త గుడ్డకు డబ్బులెవరు ఇచ్చారే?" అని అడిగింది.

ఎవరూ ఇవ్వలేదు అమ్మమ్మా.