త్రాహి, దేహి, గవ్వ

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట కన్నా ముందు రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. ఆ తర్వాతే పల్లవి, చరణాలు. ఆ పుస్తకంలో నేను మళ్లీ మళ్లీ తీసే పేజీ పురుషోత్తమ చౌధరి గారి ‘త్రాహిమాం క్రీస్తు నాథ’. వాక్యానుసారంగా పాట రాయడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ముందు ఈ కీర్తనే చూపిస్తాను.

చౌధరి గారు 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. 1890లో కన్నుమూసేనాటికి వందకు పైగా కీర్తనలు రాశారు. ఛందస్సూ సంస్కృతమూ చేతిలో ఉన్న మనిషి. ఆ పాండిత్యాన్ని ఎక్కడ వాడారు, ఎక్కడ పక్కన పెట్టారు అన్నదే ఆయన పనితనం.

పల్లవి ‘త్రాహి’తో ఎత్తుకుంటుంది. కాపాడమని మొర. కొనసాగింపులో ‘దేహి’ వస్తుంది. ఇది గుమ్మం ముందు చేయి చాచినవాడి మాట. రెండు మాటల్లోనూ రెండో అక్షరం ‘హి’. ప్రాస ఇంత సహజంగా పడడం చూస్తే ముచ్చటేస్తుంది. ప్రాస కోసం అర్థాన్ని ఒక్క పిసరు కూడా వంచలేదు. మునిగిపోతున్నవాడూ, ఆకలిగొన్నవాడూ ఒక్క మనిషిలోనే కలిసి ప్రభువు పాదాల దగ్గరికి వచ్చారు.

లూకా సువార్త 18వ అధ్యాయంలో దేవాలయానికి వెళ్లిన ఇద్దరున్నారు కదా. పరిసయ్యుడు వారానికి రెండు ఉపవాసాలు, రాబడిలో పదో వంతు అంటూ దేవుడికే లెక్క అప్పజెబుతాడు. సుంకరి కళ్లెత్తడానికి కూడా జంకి, దూరంగా నిలబడి, రొమ్ము కొట్టుకుంటూ కరుణించమని ఒక్క మాట అంటాడు. చౌధరి గారి కీర్తన ఆ సుంకరి పక్కన నిలబడి పాడినట్టుంటుంది. చేసిన మంచి పనుల పద్దు ఇందులో ఎక్కడా లేదు.

చరణంలోకి దిగగానే సంస్కృతం మెట్టు దిగి ‘గవ్వ’ వస్తుంది. గవ్వకు కొరగానిదని తన ఆశల్ని తానే తూకం వేసుకుంటాడు పాపి. అంగడి మాట, ఇంట్లో తిట్టుకునే మాట. త్రాహి అన్న నోటితోనే గవ్వ అనడానికి ధైర్యం కావాలి. పశ్చాత్తాపం నిజమైతే మాట ఇలాగే నేలకు దిగుతుందని నా నమ్మకం.

ఆ గవ్వ పక్కనే ‘కర్మేంద్రియాలు’. ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగుతాను. వాక్కు, చేతులు, కాళ్లు మొదలైన అయిదింటికి మన శాస్త్రాలు పెట్టిన పేరది. పాత మతం మాట కొత్త కీర్తనలోకి వస్తే పాత అర్థాన్నీ వెంట తెస్తుందేమోనని అనుమానం రావచ్చు. రోమా పత్రిక 3వ అధ్యాయం పక్కన పెట్టి చూడండి. పాపం ఎలా ఉంటుందో చెప్పడానికి పౌలు గొంతు, నాలుక, పెదవులు, నోరు, పాదాలు వరసగా చూపిస్తాడు. 6వ అధ్యాయంలో అవయవాల్ని పాపానికి అప్పగించవద్దంటాడు. ఆ అవయవాలకు తెలుగువాడి చెవికి తెలిసిన పేరేమిటని వెతికితే చౌధరి గారి మాటే దొరుకుతుంది. పౌలు మాటను అక్షరమక్షరం దించకుండానే, పౌలు చూపు ఎక్కడ నిలిచిందో చౌధరి గారి చూపూ అక్కడే నిలిచింది.

ఇప్పుడు కొత్త పాటల కింద వాక్యభాగాల అంకెలు వేస్తున్నారు. మంచి అలవాటే. పాట కట్టే కుర్రవాళ్లు నా దగ్గరికి వస్తే మాత్రం అంకెలు మూసిపెట్టి పాడమంటాను. పాడుతున్న మనిషి ఎవరు, ఏ అధ్యాయంలో ఎక్కడ నిలబడ్డాడు అని అడుగుతాను. చెప్పలేకపోతే ఈ కీర్తన తీసి, హార్మోనియం వాళ్ల ముందుకు జరిపి, గవ్వ ఉన్న చరణం నెమ్మదిగా ఎత్తుకోమంటాను.