నులకమంచం, తువ్వాలు, చిరిగిన బూటు

భరతముని నాట్యశాస్త్రంలో హాస్యానికి కారణాలను వరుసగా చెప్పినాడు. వికృతమైన వేషం, వికృతమైన అలంకారం, ధార్ష్ట్యం, లౌల్యం, అసత్ప్రలాపం, అంగవైకల్యాన్ని చూడడం, దోషాలను ఎత్తి చెప్పడం మొదలైనవి అందులో ఉన్నవి. ఎంత వెదకినా అందులో మంచం లేదు, చెంబు లేదు, తువ్వాలు లేదు. మన ఆలంకారికుల దృష్టిలో నవ్వు మనిషిని ఆశ్రయించి ఉంటుంది. వేషభూషలు సైతం వాటిని ధరించిన మనిషి మూలంగానే నవ్వు పుట్టిస్తవి. ఇంటి మూలన పడి ఉన్న వస్తువు తనంత తాను రచనకు విషయం కాగలదని వారు భావించినట్లు కనబడదు.

ఆ అవకాశాన్ని మన భాషలకు కల్పించినవి పత్రికలు. నెలకొకసారి పాఠకుని ఇంటికి వెళ్ళి కూర్చుండే పత్రిక, ఆ ఇంట్లోని వస్తువులను గురించి మాట్లాడడంలో ఆశ్చర్యం లేదు. కాన్పూరు నుండి 1883లో 'బ్రాహ్మణ్' పత్రికను ప్రారంభించిన ప్రతాపనారాయణ మిశ్ర దంతాలను గురించి, కనుబొమలను గురించి, 'ఆప్' అనే ఒక్క గౌరవవాచకాన్ని గురించి హిందీలో వ్యాసాలు వ్రాసినారు. మరాఠీలో శ్రీపాద కృష్ణ కోల్హట్కర్ తన హాస్యవ్యాసాలకు 'సుదామ్యాచే పోహే' అని పేరు పెట్టినారు. ఆ పేరును మక్కికి మక్కిగా 'సుదాముని అటుకులు' అని తెలుగు చేస్తే అర్థం తెలుస్తుంది గాని చిరునవ్వు రాదు. 'కుచేలుని అటుకులు' అన్నప్పుడే తెలుగు పాఠకునికి ఆ చినిగిన ఉత్తరీయం, ఆ కొంగుముడి, ఆ సంకోచం ఒక్కసారిగా కళ్ళకు కడతవి. ఇంటి వస్తువుల హాస్యాన్ని ఒక భాష నుండి మరొక భాషలోనికి తెచ్చేవారికి ఇదే మొదటి పాఠం. వస్తువు పేరు నిఘంటువులో దొరుకుతుంది. ఆ వస్తువుకు ఇంట్లో ఉన్న స్థానాన్ని అనువాదకుడు తానే వెదకుకోవలసి ఉంటుంది.

ఈ మాటకు మంచి నిదర్శనం చార్పాయీ. అలీగఢ్ విశ్వవిద్యాలయంలో ఉర్దూ ఆచార్యులుగా ఉన్న రషీద్ అహమద్ సిద్దీఖీ ఈ పేరుతోనే ఒక ప్రసిద్ధ వ్యాసం వ్రాసినారు. ఉత్తరదేశపు గృహస్థుని జీవితం యావత్తూ ఆ నాలుగు కోళ్ళ మధ్య గడిచిపోతుందని ఆయన నిరూపిస్తారు. పుట్టుక, వ్యాధి, నిద్ర, వివాదం, చివరి ప్రయాణం, అన్నిటికీ ఆధారం అదే. తరువాతి తరంలో ముష్తాఖ్ అహమద్ యూసుఫీ 1961లో వెలువడిన 'చిరాగ్ తలే' అనే సంపుటంలో మళ్ళీ అదే వస్తువును తీసుకొని, మంచం మీది కాలక్షేపాన్ని ఒక సంస్కృతిగా వర్ణించినారు. ఇద్దరూ మంచాన్ని ఎగతాళి చేయలేదు. ఒక శాస్త్రజ్ఞుడు ఒక మహానదిని వర్ణించేటంత శ్రద్ధతో వర్ణించినారు. ఆ శ్రద్ధకూ ఆ వస్తువు అల్పత్వానికీ మధ్య ఉన్న దూరమే మనలను నవ్విస్తుంది.

చార్పాయీకి మన నులకమంచం సరిగా సరిపోతుంది. అయినా చిక్కు తీరదు. హిందీవారు 'ఖాట్ పకడ్‌నా' అంటే మనం 'మంచం పట్టడం' అంటాము. ఇక్కడ రెండు భాషలూ ఒకే ఇంటి బిడ్డలవలె మాట్లాడుతవి. ఈ స్నేహాన్ని నమ్ముకొని ముందుకు పోతే 'ఖటియా ఖడీ కర్‌నా' ఎదురవుతుంది. మంచాన్ని నిలబెట్టడమని దాని మాటవరుస అర్థం. ఒకరిని ముప్పుతిప్పలు పెట్టడమని దాని భావం. తెలుగింట మంచం ఎత్తి గోడకు చేరవేయడం తెల్లవారగానే జరిగే పని. అందులో ఎవరికీ ఏ కష్టమూ లేదు. ఇంకా నిద్ర తీరని పిల్లవానికి తప్ప. ఆ జాతీయాన్ని ఉన్నదున్నట్లు తెలిగిస్తే పాఠకుడు నవ్వవలసిన చోట ఇల్లు ఊడ్చడానికి చీపురు తీసుకుంటాడు.

ఇక పత్రస్ బుఖారీ. లాహోరు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులుగాను, అటుపిమ్మట ఐక్యరాజ్యసమితిలో పాకిస్తాను ప్రతినిధిగాను పనిచేసి 1958లో మరణించిన ఈ రచయితకు ఒక చిన్న పుస్తకమే శాశ్వతకీర్తిని సంపాదించిపెట్టింది. అందులో ఒక పాత సైకిలును గురించిన వ్యాసానికి 'మర్హూమ్ కీ యాద్ మేఁ' అని పేరు. చనిపోయినవారి స్మృతిలో అని అర్థం. తెలుగులో 'కీర్తిశేషుల సంస్మరణ' అంటే ఆ గాంభీర్యం చాలావరకు దక్కుతుంది. స్నేహితుడు అంటగట్టిన ఆ వాహనం కదిలినంతనే దాని ఒక్కొక్క భాగం ఒక్కొక్క స్వరం పలుకుతుంది. ఎక్కినవానిని అది వీథిలో పదిమంది ఎదుట అవమానిస్తుంది. బాగుచేయించబోతే పరువు తక్కువ, అమ్మబోతే మరింత పరువు తక్కువ. కడపట అది నది పాలవుతుంది. ఈ వ్యాసంలో గమనించవలసిన విశేషమొకటి ఉన్నది. సైకిలు మీద నవ్వే ప్రతి నవ్వూ దాని మీద కూర్చున్న కథకుని మీదనే పడుతుంది. మోటారు కారున్నవారిని చూచి అసూయపడినవాడు ఆయనే, మొగమాటానికి పోయి సొమ్ము చెల్లించినవాడు ఆయనే, చెడిపోయిన వస్తువును మోసుకొని తిరిగినవాడూ ఆయనే. బాధా, నవ్వూ ఒకే మనిషివి.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. భరతుడు హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని విభజించినాడు. తాను నవ్వితే ఆత్మస్థం, ఇతరులను నవ్విస్తే పరస్థం. గృహహాస్యానికి ఈ విభాగం చాలదు. ఆ వస్తువును రోజూ తోమేది, ఉతికేది, సర్దేది ఎవరు? నవ్వేది ఎవరు? ఈ ఇద్దరూ ఒక్కరేనా? మన భాషలన్నిటిలోను ఇంటి వస్తువులను గురించిన హాస్యం చాలాకాలం మగవారి చేతిలోనే ఉండిపోయింది. వస్తువులు మాత్రం ఆడవారి చేతిలో ఉన్నవి. ఆలస్యమైన కాఫీ, ఉప్పు ఎక్కువైన కూర, కనబడని కళ్ళజోడు, మాయమైన గుండీ, వీటిని గురించి పత్రికలలో పుంఖానుపుంఖంగా వచ్చిన రచనలలో అధికభాగం కాలగర్భంలో కలిసిపోవడానికి కారణం అవి అల్పవిషయాలు కావడం కాదు. చొక్కాకు గుండీ కుట్టడం రానివాడు, కుట్టడంలో ఆలస్యమైనవారిని చూచి నవ్వినాడు. ఆ నవ్వులో ఆయనకు పోయినది ఏమీ లేదు. అందుచేత పాఠకునికి వచ్చినదీ ఏమీ లేదు.

తెలుగులో మునిమాణిక్యం నరసింహారావుగారు ఈ దోషాన్ని చాలావరకు తప్పించుకొన్నారు. బడిపంతులు జీతంతో నడిచే సంసారంలో ప్రతి వస్తువుకూ ఒక వాదం ఉంటుంది, ఆ వాదంలో సాధారణంగా గెలిచేది కాంతం. భర్త ఓడిపోయినట్లు తానే ఒప్పుకొని మనకు చెప్పడంలోనే ఆ కథల మాధుర్యం ఉన్నది. అయినా ఒక్క మాట చెప్పక తప్పదు. కాంతం మాటలను మనం వినేది భర్త నోట. ఆమె నవ్వును ఆయన మనకు అందిస్తున్నారు. ఎంత ప్రేమతో అందించినా అది అందించిన నవ్వే. భానుమతీ రామకృష్ణగారి 'అత్తగారి కథలు' వచ్చేసరికి ఈ లోటు తీరింది. అక్కడ కథ చెప్పేది కోడలు. అత్తగారు తన ఆచారంతో, పట్టుదలతో, ఆవకాయ జాడీ మీది సర్వాధికారంతో ఇల్లంతా నిండి ఉంటారు. నవ్వేవారూ, నవ్వుకు గురి అయినవారూ ఒకే వంటింటి మనుషులు. ఆ జాడీ బరువు ఎంతో ఇద్దరికీ తెలుసును. కాబట్టే ఆ హాస్యంలో చులకన లేదు.

హిందీలో ఈ సమస్యను నేరుగా ఎదుర్కొన్న రచన ఉపేంద్రనాథ్ అశ్క్ ఏకాంకిక 'తౌలియే'. మధు శుభ్రత మీద అమితమైన పట్టుదల గల ఇల్లాలు. ఒక్కొక్కరికి ఒక్కొక్క తువ్వాలు ఉండాలని ఆమె నియమం. భర్త వసంత్ ఏ తువ్వాలు చేతికి అందితే దానితో తుడుచుకొనే మనిషి. ఇంతకంటె చిన్న విషయం మరొకటి ఉండబోదు. కాని అశ్క్ ఆ తువ్వాలును పట్టుకొని ఇద్దరు మనుషులు పెరిగిన రెండు ఇండ్లను మన ఎదుట విప్పి చూపిస్తారు. వసంత్ పని మీద ఊరు వెళ్ళినప్పుడు మధు తనను తాను మార్చుకోవడానికి నిజంగా ప్రయత్నిస్తుంది. ఆమె పడిన ఆ శ్రమను నాటకకర్త రంగం మీదనే చూపినారు గనుక, చివరకు పేచీ మళ్ళీ తువ్వాలు దగ్గరకే వచ్చినప్పుడు మనం ఆమెను చూచి నవ్వలేము, అతనిని చూచీ నవ్వలేము. ఇద్దరినీ చూచి నవ్వుతాము, ఆ వెంటనే మన ఇంటి దండెం వైపు ఒకసారి చూస్తాము.

ఈ ఏకాంకికలో కొన్ని సంభాషణలను తెలుగు చేయబోయి నేను ఒక తప్పు చేసినాను. మాట విషయంలో కష్టమేమీ లేదు. హిందీ 'తౌలియా', మన 'తువ్వాలు' రెండూ పోర్చుగీసువారి నుండి వచ్చిన మాటలే. ఒకే ఓడ దిగిన ఈ చుట్టాలను చూచి ధైర్యం కలిగి, మధు పట్టింపును చెప్పే చోట 'మడి' అనే మాటను వాడినాను. అది ఎంతో సహజంగా అమరినట్లు తోచింది. చదివి వినిపించినప్పుడు మా ఇంట నవ్వు బాగానే వచ్చింది. నవ్విన తరువాత మా ఆవిడ, "అయితే ఈవిడ పాతకాలపు మనిషన్నమాట" అన్నది. నేను అక్కడితో ఆగిపోయినాను. మధు పాతకాలపు మనిషి కాదు. ఆమెది ఆచారం కాదు, ఆరోగ్యాన్ని గురించిన ఆధునికమైన పట్టింపు. 'మడి' అనే ఒక్క మాటతో నేను ఆమెను ఆమె కాని మనిషిగా మార్చి, భర్త పక్షాన తీర్పు చెప్పివేసినాను. అశ్క్ సమంగా నిలిపిన త్రాసులో నా మాట ఒక వైపు మొగ్గింది. వచ్చిన నవ్వు నిజమే, కాని అది ఆ నాటకం నవ్వు కాదు. ఆ మాటను కొట్టివేసి 'పట్టింపు' అని వ్రాసినాను. నవ్వు కొంత తగ్గింది, న్యాయం మిగిలింది.

వస్తువు ఎంత చిన్నదైనా దాని ద్వారా ఎంత పెద్ద మాట చెప్పవచ్చునో హరిశంకర్ పర్సాయీ 'ప్రేమ్‌చంద్ కే ఫటే జూతే' అనే వ్యాసంలో చూపినారు. ప్రేమ్‌చంద్ భార్యతో కలిసి తీయించుకొన్న ఒక ఛాయాచిత్రం ఆ వ్యాసానికి ఆధారం. కాళ్ళకు కాన్వాసు బూట్లు. ఎడమకాలి బూటుకు పెద్ద చిల్లు, అందులోనుండి తొంగిచూచే వేలు. ఫోటో తీయించుకొనే నాటికి కూడా ఇంత మంచి బూటు దొరకలేదా అని పర్సాయీ పరిహాసంగా మొదలుపెడతారు. మెల్లగా ఆ పరిహాసం తిరిగి తన మీదికే వస్తుంది. తన బూటు పైకి బాగానే కనబడుతుంది, అరిగినది అడుగుభాగం. లోకానికి వేలు కనబడదు, నడిచేవానికి నేల తగులుతూనే ఉంటుంది. చిరుగును దాచుకొనేవారికీ, దాచనివారికీ మధ్య ఉన్న భేదాన్ని ఆ రెండు బూట్లు చెప్పినంత సూటిగా ఏ ఉపన్యాసమూ చెప్పలేదు. పర్సాయీ కూడా పత్రస్ వలెనే తాను నవ్విన వస్తువు బరువును తన కాలి మీదనే వేసుకొన్నారు.

అయితే ఆ ఛాయాచిత్రంలో ఇద్దరున్నారు. బహుశా భార్య పట్టుబట్టగా ఫోటోకు కూర్చుండి ఉంటారని పర్సాయీ ఊహించి ముందుకు సాగిపోతారు. ఆ ప్రక్కన కూర్చున్న శివరాణీదేవి స్వయంగా రచయిత్రి. ప్రేమ్‌చంద్ 1936లో మరణించిన తరువాత ఆమె వ్రాసిన 'ప్రేమ్‌చంద్ ఘర్ మేఁ' 1944లో వెలువడింది. ఉన్నిబట్టలు కుట్టించుకొమ్మని తాను ఇచ్చిన సొమ్మును భర్త ముద్రణాలయపు పనివారికి పంచిపెట్టి వట్టి చేతులతో ఇంటికి వచ్చిన ఘట్టాన్ని ఆమె అందులో చెప్పినారు. ఆమె కోపం నిజమైనది, ఆ కోపం అడుగున ఉన్న చిరునవ్వూ నిజమైనదే. చలికాలం వస్తుందని ముందుగా ఆలోచించి, ఇంటి ఖర్చులో నుండి ఆ సొమ్ము మిగిల్చినది ఆమె. పర్సాయీ వ్యాసాన్ని చదివినవారు ఈ పుస్తకాన్ని కూడా చదివితే ఆ చిరిగిన బూటు పూర్తి చరిత్ర తెలుస్తుంది. ఒకరు బయటినుండి చూచిన చిరుగు, మరొకరు ఇంటిలోనుండి చూచిన చిరుగు. రెండవ దృష్టి లేనిదే గృహహాస్యం సగమే అవుతుంది.

భారతీయ భాషల నుండి హాస్యరచనలను ఎన్నుకొని అనువదించేవారు ఈ సంగతిని మనసులో ఉంచుకోవడం అవసరమని నా నమ్మకం. రాజకీయ హాస్యానికి పాదసూచికలు కావలసి వస్తవి. పాలకులు మారినకొద్దీ అది పాతబడుతుంది. మంచం, తువ్వాలు, బూటు ఏ ప్రాంతపు ఇంటిలోనైనా ఉంటవి గనుక గృహహాస్యం సులభంగా సరిహద్దు దాటుతుందని మనం అనుకొంటాము. వస్తువు దాటుతుంది. దానితోపాటు దానిని వాడిన చేతులను కూడా దాటించడం అనువాదకుని పని. ఏ రచనను ఎన్నుకొనే ముందైనా, ఇందులో నవ్వుతున్నవారు ఈ వస్తువును ఎప్పుడైనా శుభ్రం చేసినారా అని ఒకసారి అడిగి చూడాలి. ఈ ప్రశ్నకు నిలిచిన రచనలు కొన్నే ఉండవచ్చు. సిద్దీఖీ మంచం, పత్రస్ సైకిలు, అశ్క్ తువ్వాలు, పర్సాయీ బూటు, మన అత్తగారి ఆవకాయ జాడీ అటువంటివి. ఇవి చదివి పుస్తకం మూసిన తరువాత మన ఇంటి వస్తువులు ఎక్కడివక్కడే ఉంటవి. వాటిని అక్కడ పెట్టినవారు మాత్రం ఇదివరకటికంటె కొంచెం స్పష్టంగా కనబడతారు.