యంత్రం ముందు వేలిముద్ర

సంతకం చేయనేరని వారు పత్రాలపై బొటనవ్రేలి గుర్తు వేయడం తెలుగు పల్లెలకు క్రొత్త కాదు. దానినే నిశానీ అంటారు. వెనుకటి నిశానీ కాగితం మీద నిలిచి ఉండేది. తగాదా వచ్చినప్పుడు మాత్రమే నిపుణుడు దానిని భూతద్దంతో చూచేవాడు. ఇప్పుడు అదే గుర్తును యంత్రం కొద్ది క్షణాలలో పరీక్షించి, బియ్యం ఇవ్వవచ్చునో లేదో, కూలి చెల్లించవచ్చునో లేదో తేల్చి చెబుతున్నది. ఈ తీర్పు ఎంతవరకు నమ్మదగినది? అది తప్పినప్పుడు నష్టపడేది ఎవరు? యంత్రాన్ని మెచ్చుకొనేవారు మొదటి ప్రశ్నతోనే ఆగిపోతున్నారు. అసలు విమర్శ రెండవ ప్రశ్నతో ప్రారంభం కావాలి.

వేలిముద్ర శాస్త్రానికి మన దేశంతో దగ్గర సంబంధం ఉన్నది. 1858లో బెంగాలులో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక ఒప్పంద పత్రంపై కాంట్రాక్టరు చేత అరచేతి ముద్ర వేయించినాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలసినది. ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ప్రసిద్ధమైన వర్గీకరణ పద్ధతిని రూపొందించడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే భారతీయులు ముఖ్యపాత్ర వహించినారు.

వ్రేలి చివర చర్మం దున్నిన చేను వలె గట్లతోను, చాళ్ళతోను నిండి ఉంటుంది. గట్టుకు గట్టుకు మధ్య దూరం సుమారు అర మిల్లీమీటరు. కొన్ని గట్లు హఠాత్తుగా ముగిసిపోతాయి. కొన్ని రెండుగా చీలుతాయి. ఈ ముగింపుల, చీలికల స్థానాలే మనిషికీ మనిషికీ భేదాన్ని చూపుతాయి. ఒక రకపు యంత్రంలో వ్రేలిని గాజు పట్టకంపై ఆనిస్తారు. చాళ్ళ క్రింద గాలి ఉన్నచోట కాంతికి సంపూర్ణాంతర పరావర్తనం జరుగుతుంది. గట్లు గాజును తాకినచోట జరగదు. అందువల్ల వెలుగు నీడలతో ముద్ర చిత్రం ఏర్పడుతుంది.

ఈ చిత్రాన్ని పూర్వం నమోదైన ముద్రతో పోల్చినప్పుడు రెండూ ఎన్నడూ అచ్చంగా ఒకటి కావు. వ్రేలు నొక్కిన బలం, చెమ్మ, వంపు ప్రతిసారీ మారుతాయి. కనుక యంత్రం పోలికకు మార్కులు వేస్తుంది; నిర్ణీతమైన హద్దు దాటితే "ఇతడే" అంటుంది. పరీక్షలో ఉత్తీర్ణత మార్కు వంటిదే ఈ హద్దు. దానిని పెంచితే మోసగాడు తప్పించుకోలేడు. కాని నిజమైన మనిషి కూడా తరచుగా తిరస్కరింపబడతాడు. తగ్గిస్తే ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. ఒకే యంత్రంలో హద్దును మార్చినంత మాత్రాన రెండు పొరపాట్లూ ఒకేసారి తగ్గవు. హద్దు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది యంత్రం కాదు, మనిషి.

ఈ తిరస్కారం అందరిపై సమంగా పడదు. చిత్తూరు ప్రాంతంలో వేరుశనగ పెరికేవారు, గ్రానైటు కొట్టేవారు, బెల్లపు బట్టీల వద్ద పనిచేసేవారు వ్రేళ్ళతోనే బ్రతుకుతారు. ఇటువంటి పనుల వల్ల గట్లు అరిగిపోతాయి. వృద్ధాప్యంలో చర్మం పొడిబారి ముద్ర మసక పడుతుంది. అనగా సహాయం ఎక్కువగా కావలసినవారికే యంత్రం ఎక్కువసార్లు "కాదు" అనే అవకాశం ఉన్నది.

అయినా యంత్రం వల్ల మేలు లేదనడం సత్యదూరం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో ప్రారంభించిన స్మార్ట్ కార్డుల పథకం ఇందుకు నిదర్శనం. స్మార్ట్ కార్డులోని చిప్ ఒక చిన్న కంప్యూటరు వంటిది. ఆ పథకంలో యంత్రం కార్డును చదివి, లబ్ధిదారుని వ్రేలిముద్రతో సరిచూచి, ఉపాధి కూలి లేదా పింఛను చెల్లింపుకు రసీదు ఇచ్చేది. కొన్ని యంత్రాలు చెల్లింపు వివరాలను తెలుగులో పలికేవి కూడా. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు 8 జిల్లాలలోని 157 మండలాలలో ఈ పథకాన్ని పరిశీలించి, 2016లో ఫలితాలు ప్రకటించినారు. కూలి త్వరగా అందినది; మధ్యలో కాజేసే సొమ్ము తగ్గినది. ఊరిలోనే చెల్లించే ఏర్పాటు వల్ల ఆలస్యం, ముద్ర పరీక్ష వల్ల మోసం తగ్గినట్లు వారి విశ్లేషణ సూచించినది. కార్డు లేనివారికి చెల్లింపు పూర్తిగా నిలిపివేయకపోవడం ఈ విజయంలో గుర్తుంచుకోవలసిన అంశం.

2015 నుండి రాష్ట్రంలోని చౌకధరల దుకాణాలలో ప్రవేశపెట్టిన ఆధార్ పద్ధతి వేరు. ఇక్కడ ముద్రను దూరాన ఉన్న కంప్యూటరు సరిచూస్తుంది. వ్రేలు, యంత్రం, టెలిఫోను సంకేతం, దూరపు కంప్యూటరు, ఈ నాలుగూ సక్రమంగా ఉండాలి. ఒక్కొక్కటి నూటికి 98 సార్లు పనిచేస్తుందనుకొంటే, నాలుగూ కలిసి పనిచేసేది సుమారు 92 సార్లే. ఈ లెక్కను ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా చేయగలడు.

మోసం విషయంలోను ముద్ర అభేద్యం కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి, భూమి రిజిస్ట్రేషను పత్రాల నుండి ముద్రలు తీసి, రబ్బరు స్టాంపుల పద్ధతిలో నకళ్ళు చేసినాడన్న ఆరోపణపై పోలీసులు అరెస్టు చేసినారు. తాళంచెవి పోతే తాళం మార్చవచ్చును. కార్డు పోతే రద్దు చేయవచ్చును. వ్రేలిని మార్చడం ఎట్లు? వ్రేలు సజీవమైనదా, నకలా అని పసిగట్టే అదనపు పరీక్షను ఆధార్ సంస్థ 2023లో ప్రవేశపెట్టినది.

తిరుమలలో సమస్య మరొక రూపం ధరిస్తుంది. 2023 మార్చి నుండి దేవస్థానం వారు ముఖాన్ని గుర్తించే యంత్రాలను ప్రయోగాత్మకంగా వాడినారు. ఒకే వ్యక్తి పలుమార్లు టోకెన్లు పొందకుండా చూడడం అందులో ఒక ఉద్దేశం. రేషను దుకాణంలో ఒక ముద్రను ఒక ముద్రతో పోల్చితే చాలు. ఒకే మనిషి మళ్ళీ వచ్చినాడా అని తెలియాలంటే, ఒక ముఖాన్ని అంతకు ముందు వచ్చిన వారందరితోను పోల్చాలి. పదివేల పోలికలలో ఒక్కసారి మాత్రమే పొరబడే యంత్రమైనా, 20,000 మందితో పోల్చినప్పుడు సగటున ఇద్దరిని చూచి భ్రమపడుతుంది. ఒక పనికి చాలిన యంత్రం మరొక పనికి చాలదు.

2018 సెప్టెంబరు 26న ఆధార్ కేసులో తీర్పు చెబుతూ, ముద్ర సరిపోలేదన్న కారణంతో అర్హులకు లబ్ధి నిరాకరించరాదని సుప్రీంకోర్టు భావించినది. శాస్త్రం చెప్పేదీ ఇదే. యంత్రం ఇచ్చేది సంభావ్యత, సత్యం కాదు. కనుక ముద్ర కుదరనప్పుడు కనుపాప పరీక్షో, కార్డో, బాధ్యతగల అధికారి ధ్రువీకరణో సిద్ధంగా ఉండాలి. అరిగిన వ్రేలు కష్టపడిన దానికి గుర్తు. దానిని అనర్హతగా లెక్కించే పద్ధతి ఎంత వేగవంతమైనదైనా అసంపూర్ణమే.