ఒకే సర్వరు, ఎవరి దారి వాళ్లది

దారులు వేరుచేయడమంటే ఏమిటో ఖరగ్‌పూర్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో, యార్డులో తరాలుగా పనిచేసిన తెలుగు కుటుంబాల ఊరిది. 2017 నవంబరులో ఇక్కడి స్టేషన్లో పెట్టిన సాలిడ్ స్టేట్ ఇంటర్‌లాకింగ్ 800 రూట్లను చూస్తుంది. ఒక బండికి రూటు ఇచ్చాక దానికి అడ్డొచ్చే రూటు ఎవరు అడిగినా ఆ యంత్రం ఇవ్వదు. పదిమందీ పంచుకునే సర్వరులో ఒక గుంపు నెట్‌వర్కును మరో గుంపు నుంచి విడదీసే విద్యనూ నేను ఈ కొలతతోనే చూస్తాను.

పంచుకునే యంత్రం మనకు కొత్తది కాదు. రిజర్వేషన్ కౌంటర్లలో టెర్మినళ్ల వెనక నడిచింది ఎక్కడో ఉన్న పెద్ద మెషీనే. అలాంటి మెషీన్లున్న రిజర్వేషన్ కేంద్రాలను కలిపిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేరు 1994లో మన సికింద్రాబాదులోనే మొదలైంది. 1999లో జిమ్ మెక్‌క్విలన్ ఎల్‌టీఎస్‌పీ (లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్)తో ఆ పద్ధతిని లినక్స్‌లోకి తెచ్చి, పారేయాల్సిన పీసీలకు ప్రాణం పోశాడు.

చిక్కు ఎక్కడంటే, తెరా కీబోర్డూ మాత్రమే చూసుకునే థిన్ క్లయింట్ ముందు కూర్చున్నది అకౌంట్సు వాళ్లయినా, అప్రెంటిసులైనా వాళ్ల బ్రౌజరు నడిచేది సర్వరులోనే. బయటికి కనిపించే ఐపీ ఒక్కటే, సర్వరుది. టేబుళ్ల దగ్గరి స్విచ్చిలో ఎన్ని వీలాన్‌లు (ఒకే స్విచ్చిలో విడి నెట్‌వర్కులు) వేసినా విడిపోయేవి తెరమీది బొమ్మ, కీబోర్డు నొక్కులు మాత్రమే.

దీనికి ఒక దారి లినక్స్ ఫైర్‌వాల్. అందులో ఐపీటేబుల్స్‌లోని ఓనర్ మాడ్యూలు, సర్వరు నుంచి వెళ్లే ప్యాకెట్టు ఎవరి ప్రోగ్రాములో పుట్టిందో చూసి గ్రూపును బట్టి గుర్తు వేయిస్తుంది. ఆ గుర్తు చూసి పాలసీ రూటింగ్ ఒక్కో గుంపును ఒక్కో వీలాన్‌కు పంపుతుంది. చేయితిరిగినవాళ్లు దీన్ని నాలుగైదు వరుసల్లో ముచ్చటగా రాసేస్తారు. కానీ డీఎన్‌ఎస్ ప్రశ్నను సర్వరులోని రిజాల్వరు తన పేరుమీదే పంపుతుంది, అడిగిన మనిషి గుర్తు దానికి అంటదు. సర్వరు తనను తాను పిలుచుకునే 127.0.0.1, అంటే లూప్‌బ్యాక్, కూడా అందరికీ ఒక్కటే. విడిగా ఆపకపోతే ఒకరు తెరిచిన పోర్టు పక్కవాడికి అందుతుంది.

అందుకే నాది నెట్‌వర్క్ నేమ్‌స్పేసుల పక్షం, దాచుకోను. ఎరిక్ బీడర్మన్ 2006లో ఒటావా లినక్స్ సింపోజియంలో ఈ ఆలోచనను వ్యాసంగా పెట్టాడు. 2008 జనవరి నాటి 2.6.24 కెర్నల్‌తో అవి చేతికి రావడం మొదలైంది. ఎంత గొప్ప పనో చూడండి! కెర్నల్ ఒకటే, డిస్కు ఒకటే, అయినా ప్రతి గుంపుకూ సొంత ఇంటర్‌ఫేసులు, సొంత రూటింగ్ టేబుల్, సొంత ఫైర్‌వాల్, ఆఖరికి సొంత లూప్‌బ్యాక్. వెత్ అనే వర్చువల్ కేబుల్ జతలో ఒక కొస నేమ్‌స్పేసులో ఉంటుంది, రెండోది ఆ గుంపు వీలాన్ బ్రిడ్జిలో కలుస్తుంది. లోపల సొంత రిజాల్వరు పెడతారు. లాగిన్ జరుగుతుండగా, రూట్ అధికారం వదలకముందే సెషన్‌ను అందులోకి దించాలి. పనివాడి నేర్పు తేలేది అక్కడే. సిస్టమ్‌డీ నడిపే యూజర్ మేనేజరు సెషన్ నుంచి పుట్టదు కనుక దాన్నీ అదే నేమ్‌స్పేసులో పెట్టాలి, లేదంటే దానిద్వారా తెరుచుకునే ప్రోగ్రాములు గోడ అవతలే ఉండిపోతాయి. ఈ సంగతి మరవని పనివాడు దొరికితే నేను చేతులెత్తి దండం పెడతాను.

ఇంత చక్కని విద్య మూలన పడుతోంది. 2019లో తిరగరాసిన ఎల్‌టీఎస్‌పీ కూడా పనిని ఎక్కువగా క్లయింటు మీదికే మళ్లించింది. మరోపక్క బ్రౌజరులో ప్రాక్సీ పెట్టి, మెనూలో రెండు బొమ్మలు దాచి, ‘సపరేట్ నెట్‌వర్క్’ అని బిల్లు రాసే కాంట్రాక్టర్లు. చూస్తే ఒళ్లు మండుతుంది. సెట్టింగ్సులో ఒక టిక్కు తీసేస్తే కూలిపోయేదానికి గోడ అని పేరా? 2008లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌కంప్యూటింగ్ పెట్టెలతో 5 వేల బడుల్లో ఒక్కో పీసీని పలువురు పిల్లలకు పంచే పని తలపెట్టారు. పంచడం అంత విరివిగా తలపెట్టిన మనం విడదీయడం కూడా నేర్పాలి కదా. ఐటీఐల్లో, పాలిటెక్నిక్కుల్లో ఇది పాఠం కావాలి.

ల్యాబు నడిపేవాళ్లకు నా మనవి ఒక్కటే. పని అప్పగించుకునే రోజు ఒక గుంపు లాగిన్‌లో కూర్చుని రెండో గుంపు ప్రింటరును, గేట్‌వేను, వాళ్ల లోకల్ పోర్టును తాకి చూడండి. ఒక్కటి బదులిచ్చినా బిల్లు మీద సంతకం పెట్టకండి.