వేరు పుట్టుక: పాఠంలోని వెలితి

ఉన్నత పాఠశాలలలో వృక్షశాస్త్రం బోధించేటప్పుడు ఆక్సిన్‌ను గురించిన భాగం విద్యార్థులను ఇట్టే ఆకర్షిస్తుంది. వెలుగు వైపు వంగే గడ్డి మొలకపై డార్విన్ చేసిన ప్రయోగాలు, మొలక కొనను అగార్ ముక్కపై నిలిపి వెంట్ చేసి 1928 లో ప్రకటించిన పరీక్ష కథలవలె సాగిపోతాయి. ఆ తరువాత వచ్చే వాక్యం మాత్రం పొడిగా ఉంటుంది: కొమ్మ ముక్కకు ఆక్సిన్ తగిలిస్తే వేళ్లు పుడతాయి. ఈ మాట అబద్ధం కాదు. 1935 నాటికే ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం, ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం వేళ్లను పుట్టించగలవని ప్రయోగాలు తేల్చాయి. అయితే ఆ వాక్యం అనేక దశలు గల ఒక పనిని ఒకే ద్రవ్యానికి అంటగట్టి ఊరుకుంటుంది.

ఇల్లందులో చదివే విద్యార్థికి ఇది బొత్తిగా చాలదు. అతని పెరటిలో మునగ కొమ్మను నరికి పాతితే ఏ మందూ లేకుండానే బ్రతుకుతుంది. అడవిలో తునికి నేలలోని వేళ్ల నుండియే కొత్త పిలకలు వేస్తుంది. భద్రాచలం వైపు పోతే దారి పొడుగునా జామాయిల్ తోటలు. ఆ తోటలకు మూలమైన మొక్కలలో చాలా భాగం విత్తనం నుండి వచ్చినవి కావు. సారపాకలోని కాగితపు మిల్లు వారు 1989 లో ఎంపిక చేసిన చెట్ల నుండి కొమ్మ ముక్కల ద్వారా మొక్కలు పెంచే పని ప్రారంభించారు. ముక్క అడుగున ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లపు పొడి అద్ది, తేమ నిండిన గదులలో ఉంచుతారు. కాని ముదిరిన చెట్టు పైకొమ్మను తెచ్చి అదే పొడి అద్దితే వేరు రాదు. అందుచేతనే ఎంచిన చెట్టును నరికి, మోడు నుండి వచ్చే లేత చిగుళ్లను తీసుకుంటారు. ముక్కకు ఆకులు ఉండి తీరాలి. పొడి ఒక్కటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది? పాఠం ఈ ప్రశ్నను తాకనైనా తాకదు.

విచిత్రమేమంటే ఈ ప్రశ్న పాతదే. 1933 లో బుయెన్, వెంట్ అనే శాస్త్రజ్ఞులు ఆకుల నుండి, మొగ్గల నుండి కాండపు అడుగుకు దిగివచ్చే ఒక ద్రవ్యాన్ని ఊహించి దానికి ‘రైజోకాలిన్’ అని పేరు పెట్టారు. ఆ పేరుతో ఏ ద్రవ్యమూ ఇంతవరకు విడిగా లభించలేదు. పాఠ్యగ్రంథాలు పేరుతో పాటు ప్రశ్నను కూడా వదలివేయడమే పొరపాటు.

ఇటీవలి దశాబ్దాలలో ఈ స్థలంలోకి వచ్చినవి పాలీఎమీన్లు. పుట్రెసిన్, స్పెర్మిడిన్, స్పెర్మిన్ అనే ఈ చిన్న అణువులను మొక్క ఆర్జినిన్, ఆర్నిథిన్ అనే ఎమినో ఆమ్లాల నుండి తయారు చేసుకుంటుంది. వీటికి ధన విద్యుదావేశం ఉండడంచేత రుణావేశం గల కేంద్రకామ్లాలను అంటిపెట్టుకుంటాయి. కణ విభజన ముమ్మరంగా జరిగే చోట ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. వేరు పుట్టడమంటే, కాండంలో తమ పని తాము చేసుకుంటున్న కొన్ని కణాలు తిరిగి విభజనకు పూనుకోవడమే కదా!

1982 లో ఫ్రీడ్మన్, ఆల్ట్మన్, బక్రాక్ పెసర మొలకల ముక్కలపై చేసిన పరిశోధనను ప్రకటించారు. ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం ఇచ్చిన ముక్కలలో పాలీఎమీన్లు పెరిగాయి. కాని వాటినే బయటి నుండి ఇస్తే కలిగిన లాభం స్వల్పం. 1990 ల నడుమ హౌస్మన్, కెవర్స్, గాస్పర్ పాప్లార్ చిగుళ్లలో మరొక సంగతి చూశారు. తొలి గంటలలోనే, పైకి ఏ మార్పూ కనబడకముందే, పుట్రెసిన్ పెరిగి మళ్లీ తగ్గింది. ఆక్సిన్ లేకుండా పుట్రెసిన్ ఇచ్చినా వేళ్లు వచ్చాయి. దాని తయారీని అడ్డగించినప్పుడు వేళ్లు తగ్గాయి. స్పెర్మిడిన్ మాత్రం మేలు చేయలేదు.

ఈ ఫలితాలు చూచి పాలీఎమీన్లను కొత్త హార్మోనులని పొగడిన వారూ లేకపోలేదు. అది మరొక అతి. హార్మోను అత్యల్ప మోతాదులో పని చేస్తుంది. పాలీఎమీన్లు కణాలలో దానికి ఎన్నో రెట్లు ఉంటాయి. పెసరలో ఒక తీరు, పాప్లార్‌లో మరొక తీరు కనబడినప్పుడు అన్ని మొక్కలకూ వర్తించే సూత్రం వ్రాయడం తొందరపాటు. ఆక్సిన్ సంకేతమిస్తుంది, దానిని అందుకొని కణాలు చేసే పనిలో పాలీఎమీన్లకు వాటా ఉన్నది అనేంతవరకే ఆధారాలు నిలుస్తాయి. ఆ వాటా కూడా తొలి దశలో ఒకటి, మలి దశలో వేరొకటి కావచ్చు. ఆక్సిన్ విషయమూ అంతే. వేరును పుట్టించే మోతాదే, పుట్టిన వేరు సాగకుండా అడ్డుతుంది. ‘ప్రేరణ, ఆరంభం, పెరుగుదల’ అని మూడు దశలు చెప్పి, ఏ ద్రవ్యం ఏ దశలో అవసరమో అడిగితే పాఠానికి అదనంగా అర పేజీ కూడా పట్టదు.

ప్రయోగానికి ఖర్చు లేదు. గుప్పెడు పెసలు మొలకెత్తించి, తొలి ఆకులు విచ్చిన తరువాత వేరు భాగాన్ని కోసివేసి, కాండాలను నీటి గ్లాసులలో నిలపాలి. సగం మొలకలకు ఆకులు ఉంచి, సగం మొలకలకు తీసివేయాలి. నీరు రోజూ మార్చుతూ వారం రోజుల పాటు వేళ్లను లెక్కించాలి. ఆకులు తీసిన వాటిలో వేళ్లు తక్కువగా వస్తాయి. ఆకు నుండి దిగివచ్చినది ఆక్సిన్ మాత్రమేనా, ఆహారం కూడానా, ఇంకేమైనా ఉన్నదా అని అప్పుడు విద్యార్థియే అడుగుతాడు.