గోడకు వయసు పూయడం

బల్లమీద సైనిక బొమ్మలను పాచికలతో, కొలబద్దతో నడిపే యుద్ధక్రీడల్లో ఐదున్నర అడుగుల మనిషి 28 మిల్లీమీటర్ల బొమ్మగా, అంటే దాదాపు అరవయ్యో వంతుకు, తగ్గిపోతాడు గనుక పదడుగుల గోడ కూడా 5 సెంటీమీటర్లకు దిగుతుంది. ఆ కాస్త గోడమీద ఎండావానల జాడలను రంగులతో తెప్పించే పనినే వెదరింగ్ అంటారు. ముందుగా పైరంగు పట్టి నిలిచేందుకు ప్రైమర్ అనే పలచని పూత వేస్తారు. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రబొమ్మకు రంగులద్దే ముందు వేసే సున్నపు పూత చేసేదీ ఇదే పని. ఆ తరువాత నీళ్లలా పలచబరచిన ముదురురంగును పగుళ్లలోకి దింపడం వాష్, రంగు తుడిచేసిన కుంచెను అంచులకు మాత్రమే తగిలేలా ఆడించడం డ్రై బ్రష్. ఇవి చేయి తిరిగితే వచ్చేవే. మరక ఎక్కడ, ఎందుకు పడుతుందో తెలియడమే అసలు విద్య, అది పల్నాటి వీధుల్లో కావలసినంత దొరుకుతుంది.

సున్నం కొట్టిన మిద్దె పిట్టగోడ మీదనుంచి వాననీరు జారినచోట, వానాకాలంలో పచ్చగా పుట్టిన నాచు వేసవికి మాడి, పైన చిక్కగా, కిందికి వచ్చేకొద్దీ పలచగా నల్లని చారలై మిగులుతుంది. చూరునీళ్లు నేలను కొట్టగా చిమ్మిన నల్లరేగడి గోడ అడుగున మూరెడెత్తు అంటుకుంటుంది. నమూనాలో అది 8 మిల్లీమీటర్లు దాటిందంటే ఇల్లు వరదలో మునిగి తేలినట్టు కనిపిస్తుంది. కిటికీ ఇనుపచువ్వల కింద తుప్పు కారుతుంది గాని నాపరాతికి తుప్పు లేదు; సున్నపురాతి పొరలనుంచి పలకలుగా తీసే ఈ రాయి వాననీటికి అంచులు అరిగి, కాళ్ల రాపిడికి నునుపెక్కుతుంది కనుక, రాయి కనబడగానే గోధుమరంగు వాష్ పోసే అలవాటు ఇక్కడ పనికిరాదు.

1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపిన తరువాత నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోయిన లోయకు నాగార్జునకొండ మ్యూజియంలో ఉన్న నమూనా, ఏ కట్టడం ఎక్కడుండేదో చూపడానికి చేసినది కాబట్టి దానికి మరకలు అక్కరలేదు. ఆటబల్లమీది గోడకు మాత్రం వయసు ఉండి తీరాలి, అయితే అది కథాకాలపు వయసు కావాలి. 12వ శతాబ్దంలో కారంపూడి దగ్గర జరిగిన పల్నాటి యుద్ధాన్ని బల్లమీదికి తెచ్చేవారు, నేటి గుళ్లమీద కనబడే ఎనిమిది వందల ఏళ్ల అరుగుదలను ఆ యుద్ధ నాయకుల్లో ఒకడైన బ్రహ్మనాయుడి నాటి గోడకు పూయడం పెద్ద పొరపాటు; నాడు కొత్తగా చెక్కిన రాతి అంచులు పదునుగా ఉండాలి, అడుగున మాత్రం ఆ ఏటి వానలు చిమ్మిన మట్టి కనిపిస్తే చాలు.