రోజుకిన్ని మాటలని లెక్కపెడితే నవల పూర్తవుతుందా?

నవల పూర్తికావాలంటే రోజుకిన్ని మాటలు రాయాలని లెక్క పెట్టుకోండి అంటారు. కథల శిబిరానికి వెళ్లొచ్చిన మన పిల్లలంతా ఈ సలహా పట్టుకొస్తారు. దీనికి ఆదిగురువుగా చెప్పేది ఇంగ్లండు నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్‌ని. ఆయన పోయాక 1883లో అచ్చయిన ఆత్మకథలో తన పద్ధతిని దాచకుండా చెప్పాడు. తపాలాశాఖలో ఉద్యోగం. తెల్లవారుజామున ఐదున్నరకే బల్ల ముందు కూర్చునేవాడు. ఎదురుగా గడియారం, పావుగంటకు 250 మాటలు. అలా 47 నవలలు రాశాడు.

మనకు ఇంతవరకే చెబుతారు. అదే పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. వేకువన లేపి కాఫీ ఇవ్వడానికి ఒక ముసలి నౌకరు ఉండేవాడు, అందుకు ఏడాదికి 5 పౌన్లు అదనం. రైల్లో పెన్సిలుతో రాసుకున్నదానికి శుద్ధప్రతి రాసిపెట్టింది భార్య. ఆ క్రమశిక్షణ కింద ఇద్దరి చాకిరీ ఉంది. మన ఊళ్లో అమ్మాయి నవల మొదలుపెడితే ఐదున్నరకు ఆమె చేతిలో ఉండేది బిందె.

నేనూ రోజుకు 500 మాటలని గీత గీసుకున్నాను. చింతపండు దింపే రోజులొచ్చాయి, తర్వాత జీడిపిక్కలు. రాయని రోజు మాటల్ని మర్నాటికి కలుపుకుంటూ పోయాను. సావుకారి వడ్డీలాగే పెరిగింది. పదిరోజులకు 5,000 మాటలు బాకీ. నోటుబుక్కు అటకెక్కింది. తప్పు బద్ధకానిది కాదు, ఆ కొలతది. పొలం పనీ అడవి పనీ లేనివాడి ఏడాదికి సరిపోయే కొలత అది.

పైగా మాటల లెక్క తెలుగులో నిలవదు. ‘ఇంట్లోంచి’ అన్నది మనకు ఒక్క మాట, ఇంగ్లీషులో రెండు మూడు. అక్కడి 250 ఇక్కడ 250 ఎలా అవుతుంది? మన ఇళ్లలో పెద్దవాళ్లు కథను మాటల్లో కొలవరు. ఒక ఘట్టం ముగిశాక ‘ఈ రాత్రికి ఇక్కడిదాకా’ అని లేస్తారు. రోజుకో ఘట్టం, కుదరకపోతే ఇద్దరి మధ్య నాలుగు మాటలు. పనుల రోజుల్లో కూడా తెగకుండా సాగేంత చిన్నది పెట్టుకోవాలి. తప్పిన రోజును మర్నాటి మీద వెయ్యకూడదు.

కేరళ మల అరయ ఆదివాసి నారాయణ్ కూడా తపాలా ఉద్యోగే. ఆయన నవల ‘కొచ్చరేత్తి’ 1998లో వచ్చింది, కేరళ సాహిత్య అకాడమీ బహుమతి పొందింది. అందులో తన జనం బతుకును తన జనంలోంచే చెప్పాడు. మన మీద బయటివాళ్లు రాసిన నవలలు తెలుగులో ఉన్నాయి. మనం రాసినవి ఎక్కువగా కథలూ కవితలే. కాబట్టి సగంలో ఆగిన మన నోటుబుక్కు ఒక్కటీ చిన్న నష్టం కాదు. అందుకే కొలత గురించి ఇంత పట్టుదల.

ట్రాలప్‌లో నాకు పనికొచ్చింది గడియారం కాదు. రోజూ ముందు అరగంట, నిన్న రాసినదాన్ని చదువుకుంటూ మాటల చప్పుడును చెవితో తూచేవాడట. కొత్తగా రాసేవాళ్లకు ఆ అలవాటు గట్టిగా సిఫారసు చేశాడు. దీన్ని మాత్రం శిబిరాల్లో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు రాత్రి తిండి అయ్యాక, నేను తెలుగులో రాసింది మా అవ్వకు సవరలో చెబుతాను. ‘ఆడు అలాగనడు’ అందంటే మర్నాడు ఆ పేజీ కొట్టేస్తాను. ఆ రోజు నా లెక్క సున్నాకన్నా తక్కువే. అటకెక్కేనాటికి 31 పేజీలున్న నోటుబుక్కు ఈ సంక్రాంతికి 140 దాటింది.